కర్రా, రాయా

తికార్ మైదానం అంచున, వాగు పైవాలు. ఎండాకాలం, పొద్దు వాలుతోంది. నేలసాలీళ్లని అడిగి సోదె చెప్పే ముసలి వితాలిస్, పెళ్లాం ఫెలిసితే ఈమధ్యే చనిపోయిన గాస్పార్, ఆమె చెల్లెలు బిబియాన్, ముగ్గురూ ఒక గుంట పక్కన, చచ్చిన సాలీడు దగ్గర నిలబడి ఉన్నారు.

“ఇది కూడా అయిపోయింది. ఇప్పుడైనా కడుపు చల్లబడిందా గాస్పారూ?”

“నా కడుపు సంగతి వదిలెయ్ తాతా. అబద్ధం చెప్పిన సాలీడుని బతకనివ్వకూడదన్నది సోదె కట్టుబాటు. నేను పెట్టింది కాదు.”

“ఇది అబద్ధం చెప్పిందని నేనన్నానా? నువ్వన్నావు.”

“రాయి పట్టిందిగా.”

“పడితే? ఆకులు కర్రవైపు తోస్తే బిబియాన్ చేతబడితో వాళ్లక్కని చంపినట్టు, రాయివైపు తోస్తే చంపనట్టు. నేనలాగే అడిగాను. ఇది రాయివైపు తోసింది. పొద్దున వాగు అవతల ఉన్నదీ రాయివైపే తోసింది. చావింటి మగవాడికి కాదనే హక్కుంది, నువ్వు కాదన్నావు. నువ్వు కాదన్నాక నేను తవ్వక తప్పదు, తవ్వాను. మోకాళ్లు నావి, గునపం నాది. పాపం ఎవరిదో తెలీదు.”

“నాదే అనుకో.”

“తాతా, ఆ గునపం ఇలా ఇయ్యి, మట్టి తుడుస్తాను.”

“నువ్వు ముట్టుకోకు బిబియానా. సోదె సామాను మీద నీ చెయ్యి పడిందంటే దానికీ వంక పెడతారు.”

“ఎవరు పెడతారు? బావేగా. పేరు పెట్టి అనరాదూ.”

“నన్ను బావ అనకు.”

“మరేమనను? ఇన్నేళ్లూ బావవే. మా అక్కతో పాటు ఆ వరస కూడా పాతిపెట్టావా?”

“నోరు చూశావా తాతా? ఈ నోరు మనిషిని తినదంటే సాలీడు నమ్ముతుందేమో, నేను నమ్మను.”

“మీరు పోట్లాడుకుంటూ ఉండండి, నేనిలా కూలబడతాను. పొద్దుట్నుంచీ నమిలిన వగరు కోలా గింజ తప్ప నోట్లో ఏమీ పడలేదు.”

“కూర్చోవడానికి పొద్దేది తాతా? ఊరి పెద్ద ఏమన్నాడో నువ్వూ విన్నావుగా. సూర్యుడు కొండ దిగేలోగా మాట తెమ్మన్నాడు. కర్ర అయితే ఈవిడ ఇవాళే ఊరు వదిలి నది దాటాలి. రాయి అయితే నేను నోరు మూసుకోవాలి.”

“మూసుకోవడం చేతకాకేగా బావా, రాయి అన్నదాన్నల్లా చంపిస్తున్నావు.”

“అందుకు కాదు. నువ్వే చేశావని నాకు తెలుసు కాబట్టి.”

“తెలిసినవాడివి సాలీడుని అడగడం ఎందుకు? వెళ్లి చెప్పు. పెద్ద నీ మేనమామేగా, కాదంటాడా?”

“నా మాట ఒక్కడి మాట. సాలీడు మాట ఊరి మాట.”

“ఆ ఊరి మాటనే కదురా గాస్పారూ, పొద్దుట్నుంచీ గునపంతో పొడిపిస్తున్నావు. చాలు. ఈ వాలులో ఇంక సాలీడు లేదు. రేపు గుట్ట అవతల చూద్దాం.”

“రేపు లేదు తాతా.”

“నా చిన్నప్పుడు ఈ వాలంతా బొరియలే. నీళ్లకి దిగేటప్పుడు మా అమ్మ నన్ను చంకనెత్తుకునేది, తొక్కుతానని. కాఫీకని సగం నరికారు. మొక్కజొన్నకని సగం కాల్చారు. నీడ పోతే నేల గట్టిపడుతుంది. గట్టినేలలో అది ఇల్లు కట్టదు. మిగిలినవాటికి నువ్వు దాపురించావు.”

“సాలీళ్ల కోసం కుమిలిపోయే మనిషిని ఇవాళే చూస్తున్నా.”

“మనుషుల కోసం కుమిలిపోయేవాళ్లని ఏనాడైనా చూశావా బావా? తల తిప్పితేగా కనపడటానికి.”

“తాతా, దీన్ని మాట్లాడొద్దను.”

“ఇంకోటుంది తాతా.”

“ఏంటమ్మాయ్ ఉండేది?”

“సాలీడు. ఆ పడిపోయిన మాను వెనక, రాఫియా తాటిచెట్ల నీడలో.”

“నీకెలా తెలుసు? గోడకి కన్నం ఎక్కడుందో దొంగకే తెలుస్తుంది.”

“కట్టెలకొచ్చేవాళ్లం బావా, నేనూ అక్కా. ఇంట్లో పొయ్యి ఊరికే మండేదనుకున్నావా? అక్కే చూపించింది దాన్ని. దాని బొరియ గుమ్మంలో ఎండుటాకు పడితే తీసేసేది. ‘పాపం, ఊడ్చుకోలేదు, దానికి చీపురు లేదు’ అనేది.”

“అమ్మాయ్, ఇటు రా, చెవిలో మాట. ఎందుకు చెప్పావే? ఊరుకుంటే రేపటిదాకా గడువు దొరికేది.”

“రేపటిదాకా ఇలా నిలబడే ఉండాలి కదా తాతా. కాళ్లు లాగుతున్నాయి. అటో ఇటో తేలిపోనీ.”

“ఏం గుసగుసలు? నాకు వినపడేలా మాట్లాడండి.”

“నీ గురించి కాదులేరా. పద, కుండ పట్టుకో. ఆకుల సంచి నేను తెస్తా. నెమ్మది గాస్పారూ, నెమ్మది. అడుగు అలా దభీమని వెయ్యకు. పైన నీ పాదం పడితే కింద దానికి పిడుగు పడినట్టుంటుంది.”

“ఏదీ, ఎక్కడ?”

“అదిగో బావా. నీ బొటనవేలు ముందు. ఇంకో అడుగు వేస్తే దాని నెత్తిన ఉంటావు.”

“అవునురా, ఉంది. అంచు చూడు, తడిచేత్తో మెత్తినట్టు నున్నగా. లోపల తెల్లగా దారం అల్లుకుంది చూశావా? కొత్త దారం. ఇల్లు పాడుబడితే ఈపాటికి చీమలు కాపురం పెట్టేవి.”

“ఎంతుంటుంది తాతా?”

“గుమ్మం ఇంతుందంటే నీ అరచేతి కన్నా పెద్దదే. ముసలిది. ఆడది.”

“మొహం చూడకుండానే ఆడదని చెప్పేశావా?”

“మగది ఒకచోట ఉండదురా. వయసొచ్చాక ఆడదాన్ని వెతుక్కుంటూ పోయి ఏ దారిలోనో చస్తుంది. ఆడది మాత్రం తవ్వుకున్న గుంటలోనే ముసలిదవుతుంది.”

“మనుషుల్లో తలకిందులు తాతా. మగాడు మంచం దిగడు, ఆడదే ముందు చస్తుంది.”

“విన్నావా తాతా? చావు గురించి ఎంత తేలిగ్గా మాట్లాడుతోందో.”

“ఇద్దరూ నోరు ముయ్యండి. కుండ ఇటు తే. అడుగు పగిలినవైపు కిందికి. బొరియ నోరు సరిగ్గా కుండ మధ్యలోకి రావాలి. హా. ఇప్పుడు కర్ర ఎడమపక్క గుచ్చుతున్నా. రాయి కుడిపక్క పెడుతున్నా. చూశావా? మళ్లీ చూడలేదనకు.”

“చూస్తూనే ఉన్నా. ఆకులు నేను పేరుస్తా.”

“నువ్వు పేరిస్తే సోదె కాదు, వంకాయ ముక్కలు ఎండబెట్టడం. నీ కళ్లు పెట్టు చాలు, చేతులొద్దు.”

“నీ చేతుల మీదే నాకు అనుమానం. ఇవాళ రెండుసార్లూ మూత తీసేటప్పుడు నీ మోచెయ్యి కుండకి తగిలింది.”

“మోచెయ్యి తగిలితే ఆకులన్నీ ఒకేవైపు నడుచుకుంటూ పోతాయా?”

“నీకు ఈవిడ మీద జాలి.”

“ఉంది. నీమీదా ఉంది. సాలీడుకి ఎవరి మీదా లేదు. అందుకే కదా ఇద్దరు మనుషుల్ని వదిలి దాన్ని అడుగుతున్నాం.”

“బళ్లో మాస్టారు దానికి ఎనిమిది కాళ్లని చెప్పాడు. ఎన్ని నాలుకలో చెప్పలేదు.”

“అది చెప్పడానికే పరీక్ష ఉంది. ముందు మనకి తెలిసిన సంగతి ఒకటి అడుగుతాం. సరిగ్గా చెబితే నమ్మదగ్గది. అప్పుడు అసలు సంగతి. ఎప్పట్నుంచో ఇంతేగా.”

“ఇవాళ నువ్వు పెట్టినవీ పరీక్షలేనా తాతా? ‘మేం ముగ్గురం వచ్చామా’ అన్నావు. మూడు జతల కాళ్ల చప్పుడు దానికి వినపడదా? రెండోదాన్ని ‘ఇవాళ వాన పడిందా’ అన్నావు. దుమ్ముగాలికి పెదాలు పగిలిపోతుంటే వానేంటి? ఆ ప్రశ్నలకి కోడిపెట్ట కూడా జవాబు చెబుతుంది. అలాంటి పరీక్షలు గట్టెక్కితే నిజాయితీపరులైపోతాయా? ఈసారి పరీక్ష నేను పెడతా.”

“పెట్టు. అదీ నీ హక్కే. కానీ ఒక మాట విను. నీ పరీక్షలో నెగ్గిందంటే, ఆ తర్వాత అది ఏం చెప్పినా కాదనకూడదు. రాయి అన్నా సరే.”

“కాదనను.”

“ఒట్టా?”

“ఒట్టెందుకు? మాటన్నాగా.”

“బావ మాటంటే మాటే తాతా. ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి. మాట తప్పడు, మరిచిపోడు, క్షమించడు.”

“పొగుడుతున్నావా, తిడుతున్నావా?”

“రెండూ ఒకటే నీ విషయంలో. తాతా, పరీక్షలో తప్పిందనుకో, అప్పుడు?”

“తప్పితే తవ్వి చంపడమేనమ్మా. దాంట్లో నా ఇష్టం, మీ బావ ఇష్టం లేవు.”

“దాని సంగతి కాదు. నా సంగతి.”

“ఇంకో సాలీడు లేదు కాబట్టి పెద్దే తేలుస్తాడు. మేనల్లుడి మొహం ఒకసారి చూస్తాడు, నీ మొహం ఒకసారి చూస్తాడు.”

“అయితే మూట కట్టుకోవాల్సిందే.”

“నది అవతల నీకెవరున్నారే?”

“ఎవరుంటారు తాతా? నేను దాటక ముందే మాట దాటుతుంది. అక్కని తిన్న ఆడది వస్తోందని. ఎవరి పొయ్యి దగ్గరా కూర్చోనివ్వరు. పోయిన ఎండల్లో మార్సెలీన్‌ని అలాగే పంపారుగా. రేవులో చేపలవాళ్లు పారేసిన తలకాయలు ఏరుకుంటోందట. నన్ను చూస్తే సంతోషిస్తుంది, తోడు దొరికిందని.”

“ఇలా ఏడిస్తే నేను కరిగిపోతాననుకోకు.”

“నేనేడుస్తున్నానా బావా? సరిగ్గా చూడు. కళ్లల్లో దుమ్ము కూడా లేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి.”

“గాస్పారూ, కుండ పెట్టాక మనసులో ఏదీ దాచకూడదు. నువ్వు దేన్ని బట్టి ఈ పిల్ల మీద పడ్డావో ఒకసారి చెప్పు.”

“వందసార్లు చెప్పా. ఊరంతా విన్నారు.”

“ఈ సాలీడు వినలేదుగా. చెప్పు.”

“కొండ పొలం గట్టు మీద ఈవిడ ‘గొంతెండిపోను’ అని తిట్టింది. నా చెవులతో విన్నా. ఆ తర్వాతే ఫెలిసితేకి జ్వరం. ఆఖరికి గొంతెండిపోయే పోయింది. గుటక దిగలేదు.”

“నేను తిట్టింది అక్కని కాదు బావా. ‘మీ ఆయన గొంతెండిపోను’ అన్నాను. నువ్వు సగం నుంచి విన్నావు. చూడబోతే నీ గొంతు నిక్షేపంగా ఉంది. నా తిట్టుకే బలముంటే పాడె ఎక్కాల్సింది నువ్వు.”

“నవ్వకు తాతా.”

“నవ్వలేదురా, దగ్గొచ్చింది. ఇంకా?”

“ఇంకా ఏముంది, అసలుది అదే. మాట పడిపోయింది ఫెలిసితేకి. పోయే రోజు పొద్దున ఒక్కసారి కళ్లు తెరిచింది. ఒకే ఒక్క మాట అంది. ‘బిబియాన్’ అంది. అంతే, మళ్లీ నోరు తెరవలేదు. పోయేవాళ్ల నోట ఆఖర్న ఎవరి పేరొస్తే తిన్నది వాళ్లే. మా నాయన అలాగే చెప్పాడు, వాళ్ల నాయనా అలాగే చెప్పాడు.”

“మీ వీధి మాట అది. మా వీధిలో దాహమేసినా పక్కవాళ్ల పేరే పిలుస్తాం.”

“పక్కన నేనున్నాను బావా. తల నా ఒళ్లో ఉంది. నన్ను పిలవక ఎవర్ని పిలుస్తుంది?”

“పక్కన నేను లేనా?”

“ఉన్నావు.”

“మంచం కాళ్ల దగ్గరే కూర్చున్నా. పొలానికి పోలేదు, కల్లుకి పోలేదు. ఆవిడ కళ్లు తెరిచి ముందు నన్నే చూసింది. నన్ను చూసి, నీ పేరు పిలిచింది.”

“అదా బావా?”

“ఏది?”

“నన్ను నది దాటిస్తోంది ఆ పేరు పిలిచినందుకా, నీ పేరు పిలవనందుకా?”

“తాతా, పరీక్ష మొదలుపెట్టు. పొద్దు పోతోంది.”

“పెడదాం. నీ ప్రశ్న చెప్పు. తెలిసిన సంగతే అయ్యుండాలి, మన ముగ్గురికీ. మన కాళ్ల చప్పుడు బట్టి అది ఊహించకూడదంటావు, గాలి బట్టి తెలుసుకోకూడదంటావు. మరేం అడుగుతావు?”

“నేల కింద ఉండేదాన్ని నేల కింద సంగతే అడగాలి.”

“అంటే?”

“ఫెలిసితే చచ్చిపోయిందా అని అడుగు.”

“బావా!”

“ఏం? తెలియని సంగతా? నేనే మట్టి వేశాను. నువ్వూ వేశావు. తాత కల్లు చల్లాడు. ఇంతకన్నా తెలిసిన సంగతి ఈ ఊళ్లో ఇంకేముంది?”

“వద్దురా గాస్పారూ. ఇంకేదైనా అడుగు. నీ పొలం హద్దు అడుగు. మేక ఈనిందా అని అడుగు.”

“ఆ ప్రశ్న అడగకూడదని కట్టుబాటు ఉందా?”

“లేదు.”

“మరి?”

“నాకే బాగోలేదు. అంత పెద్ద మాట అంత చిన్న గుంటలో వెయ్యడం.”

“వెయ్యి.”

“అమ్మాయ్, నువ్వేమంటావు?”

“ఆయన పెళ్లాం, ఆయన సాలీడు. నన్నెందుకు అడుగుతావు తాతా? నా మాట పొద్దుట్నుంచీ ఎవరూ అడగలేదు, ఇప్పుడే ఎందుకు?”

“సరే. నీడ పడకుండా జరగండి. గాస్పారూ, మూత మీద చెయ్యి తియ్యి. విను, వాగువాలు ఇల్లాలా, విను. ముసలి వితాలిస్ అడుగుతున్నాడు. గాస్పార్ భార్య ఫెలిసితే చచ్చిపోయి ఉంటే కర్ర పట్టు. బతికి ఉంటే రాయి పట్టు. చచ్చిపోయి ఉంటే కర్ర, బతికి ఉంటే రాయి. మమ్మల్ని తిప్పలు పెట్టకు, ఇప్పటికే అలిసిపోయాం.”

“ఆ ఆఖరి ముక్క సోదెలో ఉందా తాతా?”

“ఇవాళే కలిపాను. కూర్చో.”

“ఎంతసేపు?”

“దానికి బుద్ధి పుట్టేదాకా. కుండ లోపల చీకటి కదా, రాత్రయిందనుకుని లేస్తుంది. లేచి గుమ్మానికి అడ్డంగా ఈ ఆకులేంటని విసుక్కుంటుంది, తోస్తుంది. ఎటు తోసిందో అదే దాని మాట. అంతదాకా గట్టిగా కదలకండి.”

“కోలా ఉందా ఇంకా?”

“సగం ముక్క ఉంది. ఇందా. బిబియానా, నీకూ కొరికివ్వనా?”

“వద్దు తాతా. బావకియ్యి. మొహం చూడు, గుంటలు పడిపోయాయి.”

“నా మొహం సంగతి నీకెందుకు?”

“సంకటి ఎవరు వండుతున్నారురా ఇంట్లో?”

“ఎవరూ వండట్లేదు తాతా. కంకులు కాల్చుకుని తింటున్నా.”

“మొన్న గుమ్మంలో గిన్నె పెట్టి వెళ్లాను. సంకటీ, ఆకుకూరా.”

“కుక్కకి వేశా.”

“తెలుసు. ఇందాక ఎదురొచ్చి తోకాడించింది. బాగా ఒళ్లు చేసింది. విషం కలిపితే అలా ఒళ్లు చెయ్యదు బావా.”

“ఒళ్లు చేసిందని దానికి మళ్లీ గిన్నె తేకు.”

“నేను నది అవతల ఉంటే నీ కుక్కకి ఎవరు తెస్తారులే.”

“ఒరే, పెళ్లాం పోయాక మా ఇంట్లో నేనూ కంకులే తిన్నాను చాలా కాలం. పళ్లు ఊడిపోయాకే మానేశాను. పళ్లున్నంతకాలం మగాడికి పొగరు.”

“నీతులొద్దు తాతా.”

“నీతి కాదురా, పళ్ల సంగతి చెప్పాను.”

“తాతా, ఏదీ దాచకూడదన్నావు కదా కుండ పెట్టాక. అది బావకేనా, నాకూనా?”

“అందరికీ.”

“అయితే చెప్పేస్తాను. ఎలాగూ పోయేదాన్నే. బావా, అక్క నన్నెందుకు పిలిచిందో నీకు తెలియదు.”

“పేరు పిలిచింది. అంతే. ఇంకేం అనలేదు. నేను విన్నా.”

“నువ్వు వినలేదు. నేను వంగి చెవి పెట్టాను. మాట రాలేదు, గాలి వచ్చింది. నీవైపు కళ్లతో చూపించింది. నీ చుట్ట చూపించింది.”

“నా చుట్టా?”

“పొగకి ఊపిరాడలేదు ఆవిడకి. నిన్ను బయట కూర్చోమని చెప్పమంది. నన్ను పిలిచింది అందుకు.”

“అబద్ధం.”

“సరే, అబద్ధం. దీన్ని కూడా గునపంతో పొడిచెయ్.”

“నాతోనే చెప్పొచ్చుగా. నావైపే చూస్తోందిగా. నాతో ఎందుకు చెప్పలేదు?”

“భయం.”

“భయమా? నేనంటేనా? చెయ్యెత్తానా ఏనాడైనా?”

“ఎత్తలేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే వారం పాటు మొహం తిప్పుకునేవాడివి. గిన్నె పక్కకి తోసేవాడివి, ఒక్క మాట అనేవాడివి కాదు. తిట్టే మొగుడు దొరికినా బాగుండేదని అక్క నాతో అనేది, తిట్టి ఊరుకుంటాడు కదా అని.”

“తాతా, విన్నావా ఈ మాటలు?”

“వింటున్నా. నేనేం అనను.”

“మరి నువ్వెందుకు చెప్పలేదు బిబియానా? ఆవిడ చెప్పమందిగా. నువ్వెందుకు నాతో చెప్పలేదు?”

“నాకు మాత్రం భయం ఉండదా? తడిగుడ్డ తెచ్చి ఆవిడ ముక్కు మీద వేశాను. నువ్వది చూసి ఊరంతా చెప్పావు, ముక్కు మూసిందని.”

“చెబితే ఆర్పేవాణ్ణి.”

“ఏమో.”

“ఏమో కాదు. ఆర్పేవాణ్ణి. బయటికి పోయి కూర్చునేవాణ్ణి. రోజంతా కూర్చునేవాణ్ణి.”

“ఆ సంగతి మాకెలా తెలుస్తుంది బావా? నువ్వేనాడూ చెప్పలేదుగా.”

“ష్.”

“ఏంటి తాతా?”

“విను. ఆకు గీరుకుంటోంది.”

“గాలేమో.”

“గాలికి కాళ్లుండవు. విను. ఒకటి తోసింది. ఇంకోటి. అబ్బో, కోపంగా ఉంది ముసల్దానికి.”

“ఎటు తోస్తోంది?”

“కుండకి కళ్లున్నాయా నాకు చెప్పడానికి? ఆగు. అయిపోనీ. తిరిగి కిందికి దిగాలి.”

“దిగిందా?”

“ఆగమన్నానా. హా. చప్పుడు ఆగింది. ఇప్పుడు మూత తీస్తున్నా. గాస్పారూ, నా మోచెయ్యి చూసుకో మరి. తర్వాత తగిలిందనకు.”

“తియ్యి. నేను చూడను.”

“చూడవా? పొద్దుట్నుంచీ కుండలో తల దూర్చి మరీ చూశావు.”

“చూడను. నువ్వే చూసి చెప్పు.”

“నేను చూస్తాను తాతా. జరుగు.”

“చూడమ్మా. నా కళ్లు మసకేస్తున్నాయి. ఇటు ఉన్నదేనా రాయి?”

“అదే రాయి.”

“కర్ర దగ్గర ఏమైనా ఉన్నాయా?”

“ఒక్క ఆకు కూడా లేదు. అన్నీ రాయి మీద పడి ఉన్నాయి, గుట్టగా.”

“నాకూ అలాగే కనపడుతోంది. తప్పు చూశాననుకున్నా.”

“రాయంటే? ఏమడిగావు నువ్వు? ఇంకోసారి చెప్పు తాతా.”

“విన్నావుగా.”

“నోటితో చెప్పు.”

“చచ్చిపోయి ఉంటే కర్ర, బతికి ఉంటే రాయి.”

“అంటే?”

“అంటే ఏముందిరా, బతికే ఉందంటోంది ఫెలిసితే. మతిపోయింది ముసల్దానికి. బతికుండటమేంటి, ఊరంతా కలిసి పాతిపెడితే! ఇంత అబద్ధం నా పుట్టుకలో ఏ సాలీడూ చెప్పలేదు. ఇటు గునపం అందుకో.”

“బావా, తాత నిన్నే అంటున్నాడు.”

“గాస్పారూ, గునపం. నీ పక్కనే ఉంది. పరీక్ష తప్పింది, తవ్వక తప్పదు. తొందరగా తవ్వేసి పోదాం, మోకాళ్లు బిగుసుకుపోతున్నాయి.”

“ఇవ్వను.”

“ఏంటి?”

“ఇవ్వను తాతా.”

“ఒరే, నువ్వు పెట్టిన పరీక్షే. నువ్వన్న మాటే. తప్పితే చంపాలని నీ ముందే అన్నాను, నువ్వు కాదనలేదు.”

“నువ్వు నేల పైన ఉంటావు. ఇది కింద ఉంటుంది. కింద సంగతి నీకెక్కువ తెలుసా, దీనికా?”

“నీ చేత్తో మట్టి వేశావురా నాయనా.”

“వేశాను.”

“మరి?”

“మూత పెట్టెయ్. మెల్లిగా. దాన్ని విసిగించకు.”

“బావా, తిప్పి చెప్పకు. పరీక్ష తప్పిందంటే నన్ను తేల్చేది మీ మేనమామే. అదిగో, సూర్యుడు కొండ మీదున్నాడు, ఆయన అరుగు మీద కూర్చుని చూస్తుంటాడు. వెళ్లి ఏం చెబుతావు ఆయనకి? కర్రనా, రాయనా?”

“ఫెలిసితే చావలేదని చెబుతా. చావని మనిషిని ఎవరు చంపుతారే?”